కెర్నెల్ మారినా డ్రైవర్ నిలవాలంటే: కావలి ల్యాబులో డీకేఎంఎస్, హెడర్ ప్యాకేజీల సమీక్ష

నెల్లూరు జిల్లా కావలిలో ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబును చూసుకోవడం నా ఉద్యోగం. ల్యాబులో 28 కంప్యూటర్లు ఉన్నాయి. 2023 జూన్‌లో డెబియన్ 12 (డెబియన్ అన్నది ఒక లినక్స్ పంపిణీ, అంటే లినక్స్‌ను మిగతా ప్రోగ్రాములతో కలిపి సిద్ధంచేసి ఇచ్చే రూపం) విడుదలయ్యాక, ఆ సంవత్సరం తరగతులు ఊపందుకోకముందే అన్నింటిలోనూ దానినే వేశాము. ల్యాబు ఉన్నది పాత భవనంలో. గోడలకు రంధ్రాలు కొట్టి కేబులు లాగడానికి యాజమాన్యం ఒప్పుకోకపోవడంతో ప్రతి కంప్యూటరుకూ ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నాము. డాంగిల్ పెట్టె మీద లినక్స్‌కు పనికివస్తుందని రాసి ఉన్న మాట నిజమే గాని, దాని డ్రైవర్, అంటే దానిని నడిపే ప్రోగ్రాము, లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో లేదు. సోర్సు (మనిషి రాసిన ప్రోగ్రాము పాఠం) తెచ్చుకొని మనమే కంపైల్ చేసుకోవాలి, అంటే యంత్రం నడపగలిగే రూపానికి మార్చుకోవాలి. పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్స్ ల్యాబులో వోల్టేజి కొలతలు తీసే కార్డులు రెండు ఉన్నాయి, వాటి పరిస్థితీ అదే. ఇలా బయటి నుండి తెచ్చిన మాడ్యూళ్ళను (కెర్నెల్‌కు తగిలించే డ్రైవర్ ముక్కలను) కెర్నెల్ మారిన ప్రతిసారీ తిరిగి తయారుచేసి పెట్టే డీకేఎంఎస్ అనే సాధనాన్ని, దానికి ముడిసరుకు అందించే లినక్స్ హెడర్ ప్యాకేజీలను రెండేళ్ళకు పైగా వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. డీకేఎంఎస్ తన పని తాను చక్కగా చేస్తుంది. మమ్మల్ని ఇబ్బంది పెట్టిన ప్రతి సందర్భంలోనూ లోపం హెడర్ల దగ్గరో, వాటిని మేము తెచ్చుకున్న తీరులోనో, వాటితో సరిపడని సోర్సులోనో ఉంది గాని ఆ సాధనంలో లేదు.

హెడర్లు ఎందుకు కావాలో తెలిస్తేనే మిగతా విషయం బోధపడుతుంది. తలుపు చేసే వడ్రంగికి ఇల్లంతా చూపనక్కరలేదు, ద్వారబంధం కొలతలు ఇస్తే చాలు. అయితే ఆ కొలతలు తలుపు బిగించబోయే ద్వారబంధానివే అయి ఉండాలి. కెర్నెల్ పూర్తి సోర్సును విప్పితే ఒక జీబీ దాటిపోతుంది. మాడ్యూల్ తయారీకి అందులో కావలసింది కొంత భాగమే: ఏ నిర్మాణంలో ఏ అంశం ఏ వరుసలో ఉందో, ఏ ఫంక్షన్ ఎన్ని ఆర్గ్యుమెంట్లు (దానికి ఇచ్చే విలువలు) తీసుకుంటుందో చెప్పే హెడర్ ఫైళ్ళు, ఆ కెర్నెల్‌ను ఏ ఎంపికలతో కట్టారో చెప్పే కాన్ఫిగ్ ఫైలు, బయటి మాడ్యూళ్ళకు అందుబాటులో ఉన్న సింబళ్ళనూ (ఫంక్షన్ల వంటి వాటి పేర్లనూ) వాటి చెక్‌సమ్‌లనూ (సరిపోల్చుకునే సంఖ్యలనూ) నమోదు చేసిన మాడ్యూల్-డాట్-సిమ్‌వెర్స్ ఫైలు, తయారీకి తోడ్పడే మోడ్‌పోస్ట్ వంటి చిన్న ప్రోగ్రాములు. ఇవన్నీ హెడర్ ప్యాకేజీతో వస్తాయి. /లిబ్/మాడ్యూల్స్ కింద ప్రతి కెర్నెల్ వెర్షన్‌కూ ఒక డైరెక్టరీ ఉంటుంది, అందులో బిల్డ్ అనే లింకు ఈ హెడర్ల వైపు చూపుతూ ఉంటుంది. బయటి మాడ్యూల్ తయారయ్యేటప్పుడు కంపైల్ పనిని నడిపే మేక్ కమాండు ముందుగా ఆ లింకు పట్టుకొని హెడర్ల డైరెక్టరీలోకి వెళ్ళి, అక్కడి నియమాలు తీసుకొని, మళ్ళీ మన సోర్సు ఉన్న చోటికి వచ్చి కంపైల్ చేస్తుంది. ఆ లింకు లేకపోయినా, అది చూపే చోట ఏమీ లేకపోయినా పని మొదలే కాదు.

తయారైన మాడ్యూల్‌లో తాను ఏ కెర్నెల్‌కు పుట్టిందో చెప్పే ఒక వాక్యం ఉంటుంది. మోడ్‌ఇన్ఫో కమాండు ఇస్తే వెర్‌మ్యాజిక్ అనే వరుసలో అది కనిపిస్తుంది: కెర్నెల్ వెర్షన్, ఎస్‌ఎంపీ, ప్రీఎంప్ట్ వంటి ఎంపికలు. నడుస్తున్న కెర్నెల్‌లోని వాక్యంతో అది సరిపోకపోతే కెర్నెల్ ఆ మాడ్యూల్‌ను లోపలికి రానివ్వదు. ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్ అని తిప్పి పంపుతుంది. కొత్తవారు దీనిని చూసి ఫైలు పాడైందనుకొని సోర్సును మళ్ళీ మళ్ళీ దింపుకుంటారు. ఫైలు బాగానే ఉంటుంది. తప్పు కొలతలతో చేసిన తలుపు అది.

పేర్ల తికమక గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర శిక్షణకు వచ్చిన విద్యార్థులలో సగం మంది ఇక్కడే దారి తప్పారు. డెబియన్‌లో లినక్స్-లిబ్‌సీ-డెవ్ అనే ప్యాకేజీ ఒకటి ఉంది. అందులోనూ కెర్నెల్ హెడర్లే ఉంటాయి గాని అవి మామూలు ప్రోగ్రాములు కెర్నెల్‌తో మాట్లాడటానికి ఉద్దేశించినవి. మాడ్యూల్ తయారీకి పనికిరావు. మాడ్యూళ్ళకు కావలసింది లినక్స్-హెడర్స్ అనే పేరుతో మొదలయ్యే ప్యాకేజీ. ఫెడోరా అనే మరో పంపిణీకి వెళితే ఈ పేర్లు తారుమారవుతాయి: అక్కడ కెర్నెల్-హెడర్స్ అన్నది మామూలు ప్రోగ్రాములకు, మాడ్యూళ్ళకు కావలసింది కెర్నెల్-డెవెల్. ఒక పంపిణీకి రాసిన సూచనలను మరొక దానిలో గుడ్డిగా అనుసరిస్తే ప్యాకేజీ దిగుతుంది, ఎక్కుతుంది, పని మాత్రం జరగదు.

ఇక డీకేఎంఎస్ సంగతి. 2003లో డెల్ సంస్థలోని లినక్స్ బృందం దీనిని తయారుచేసింది. అమ్మిన సర్వర్లకు కొత్త డ్రైవర్లు అందించాలి, కెర్నెల్ మారినప్పుడల్లా వినియోగదారు చేతితో కంపైల్ చేయనవసరం లేకుండా చూడాలి అన్నది దాని వెనుక ఉన్న అవసరం. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో విడుదలై ఇప్పుడు ప్రధాన పంపిణీలన్నింటిలోనూ దొరుకుతోంది. ఇది వాడే పద్ధతి సరళమైనది. డ్రైవర్ సోర్సును /యూఎస్‌ఆర్/ఎస్‌ఆర్‌సీ కింద, పేరు, గీత, వెర్షన్ అన్న రూపంలో ఉన్న డైరెక్టరీలో పెట్టాలి. అందులోనే డీకేఎంఎస్-డాట్-కాన్ఫ్ అనే చిన్న ఫైలులో ప్యాకేజీ పేరు, వెర్షన్, తయారయ్యే మాడ్యూల్ పేరు, దానిని ఎక్కడ ఉంచాలో రాసి, ఆటోఇన్‌స్టాల్ అన్న వరుసకు యెస్ (yes) అని ఇవ్వాలి. ఆ తరువాత యాడ్, బిల్డ్, ఇన్‌స్టాల్ అనే మూడు కమాండ్లు. ఇంత మాత్రం చేస్తే, కొత్త కెర్నెల్ ప్యాకేజీ ఎక్కినప్పుడు /ఈటీసీ/కెర్నెల్ కింద ఉన్న హుక్ (దానంతట అదే నడిచే చిన్న స్క్రిప్టు) ఒకటి డీకేఎంఎస్‌ను పిలుస్తుంది, అది మాడ్యూల్‌ను ఆ కొత్త కెర్నెల్ కోసం తయారుచేసి అప్‌డేట్స్/డీకేఎంఎస్ అనే డైరెక్టరీలో పెడుతుంది. మా డాంగిల్ డ్రైవర్‌కు ఆ ఫైలు ముందే రాసి ఇచ్చారు. ఎలక్ట్రానిక్స్ కార్డుకు నేనే రాశాను. ఎనిమిది వరుసలు మించలేదు.

ఇంత సాఫీగా ఉన్న ఏర్పాటు 2024 సంక్రాంతి సెలవుల తరువాత ఒక ఉదయం మమ్మల్ని నిలబెట్టేసింది. ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష ఉంది. తొమ్మిది గంటలకు ల్యాబ్ అసిస్టెంటు నా గదికి పరుగున వచ్చి, "ఏంది సార్ ఇది, ఒక్క దాంట్లో కూడా నెట్టు రాలా, పిల్లకాయలంతా బయట నిలబడి ఉండారు" అన్నాడు. వెళ్ళి చూస్తే ఏ కంప్యూటరులోనూ వైఫై అన్న గుర్తే లేదు. డాంగిల్ దీపాలు కూడా వెలగడం లేదు. నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చెప్పే యూనేమ్ కమాండు ఇచ్చి చూస్తే 6.1.0-17 అని వచ్చింది. సెలవులకు ముందు మేము వాడుతున్నది 6.1.0-13. భద్రతా సవరణలు తమంతట తామే ఎక్కేలా నేనే ఏర్పాటు చేశాను, కాబట్టి సెలవులకు ముందు చివరి రోజున కొత్త కెర్నెల్ ఎక్కింది, సాయంత్రం అన్నీ ఆపేశాము, పండుగ తరువాత తెరిచేసరికి అన్నీ కొత్త కెర్నెల్‌తో లేచాయి. డీకేఎంఎస్ స్టేటస్ అడిగితే ఒక్క వరుసే వచ్చింది: డ్రైవర్ 6.1.0-13కు ఇన్‌స్టాల్ అయి ఉంది. 6.1.0-17 ఊసే లేదు.

కొత్త కెర్నెల్‌కు హెడర్లు లేవు, హెడర్లు దింపుకోవాలంటే నెట్టు కావాలి, నెట్టు రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ తయారవ్వాలంటే హెడర్లు కావాలి. ఒక కంప్యూటరుకు నా ఫోను తగిలించి నెట్టు ఇవ్వబోతుండగా, ఇంతకంటే దగ్గరి దారి ఉందని తట్టింది. పాత కెర్నెల్ ఇంకా డిస్కులోనే ఉంది, దానికి తయారైన మాడ్యూల్ కూడా చెక్కుచెదరకుండా ఉంది. యంత్రం లేచేటప్పుడు ఏ కెర్నెల్ కావాలో ఎంచుకోనిచ్చే గ్రబ్ తెర వచ్చినప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్ళి 6.1.0-13ను ఎంచుకుంటే చాలు. నేను ఒక వరుస, అసిస్టెంటు ఒక వరుస పట్టుకొని ఇరవై నిమిషాలలో అన్నింటినీ పాత కెర్నెల్‌తో లేపాము. పరీక్ష అరగంట ఆలస్యంగా మొదలైనా ఆగలేదు. బయటి మాడ్యూళ్ళ మీద ఆధారపడేవారు వెనుకటి కెర్నెల్‌ను ఒకదానినైనా ఎప్పుడూ తీసివేయకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఆ ఉదయమే.

మధ్యాహ్నం కూర్చొని మూలం వెతికాను. 2023లో డ్రైవర్ ఎక్కించేటప్పుడు, ఎక్కడ చూసినా ఉండే సూచననే నేనూ పాటించాను: లినక్స్-హెడర్స్ అని రాసి, దాని వెనుక యూనేమ్ మైనస్ ఆర్ ఇచ్చే వెర్షన్‌ను తగిలించడం. దాదాపు ప్రతి డ్రైవర్ రీడ్‌మీలోనూ (సూచనల ఫైలులోనూ) ఈ వరుసే ఉంటుంది, ఆ రోజుకు అది పనిచేస్తుంది కూడా. కానీ ఆ కమాండు తెచ్చేది ఈ రోజు నడుస్తున్న కెర్నెల్ హెడర్లను మాత్రమే. రేపు కెర్నెల్ మారితే దానితో పాటు కొత్త హెడర్లు రావాలని ప్యాకేజీ వ్యవస్థకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ప్యాకేజీ వేరే ఉంది, దాని పేరు లినక్స్-హెడర్స్-ఏఎండీ64. అందులో ఫైళ్ళేమీ ఉండవు. తాజా కెర్నెల్ వెర్షన్ హెడర్ల మీద ఆధారం మాత్రమే ఉంటుంది. లినక్స్-ఇమేజ్-ఏఎండీ64 కొత్త కెర్నెల్‌ను తెచ్చిన ప్రతిసారీ ఇది దానికి తగిన హెడర్లను వెంటబెట్టుకొని వస్తుంది. డెబియన్‌లో డీకేఎంఎస్ ప్యాకేజీ ఈ హెడర్లను కోరుతుంది గాని అది సిఫారసు మాత్రమే, తప్పనిసరి ఆధారం కాదు. డేటా మిగులుతుందన్న ఆలోచనతో ఆనాడు సిఫారసు ప్యాకేజీలు వద్దని నేను ఇచ్చిన ఒక్క ఎంపిక వల్ల అది రాకుండా పోయింది.

సాయంత్రం, పాత కెర్నెల్‌తోనే నడుస్తున్న ఒక కంప్యూటరులో ఆ ప్యాకేజీ ఎక్కించి తెరను గమనించాను. 6.1.0-17 హెడర్లు దిగాయి, వెంటనే హెడర్ల హుక్ డీకేఎంఎస్‌ను పిలిచింది, నడుస్తున్నది 6.1.0-13 అయినా తయారీ 6.1.0-17 కోసం జరిగింది. ఇక్కడే ఈ సాధనం నిర్మాణం పట్ల నాకు నిజమైన గౌరవం కలిగింది: కెర్నెల్ ముందు వచ్చినా, హెడర్లు ముందు వచ్చినా, రెండవది చేరిన క్షణంలో పని పూర్తవుతుంది. తిరిగి లేపితే డాంగిల్ దీపం వెలిగింది. మిగతా 27 కంప్యూటర్లకూ అదే చేసి, ఆ రోజు నుండి యూనేమ్ తగిలించిన కమాండును మా ల్యాబు పుస్తకంలో కొట్టివేసి, దాని మీద లినక్స్-హెడర్స్-ఏఎండీ64 అని రాసి ఉంచాను. ఉబుంటు అనే పంపిణీ వాడేవారికి దీనికి సమానమైనది లినక్స్-హెడర్స్-జెనరిక్. కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే హార్డ్‌వేర్ ఎనేబుల్‌మెంట్ (హెచ్‌డబ్ల్యూఈ) కెర్నెల్ వాడుతుంటే హెచ్‌డబ్ల్యూఈ అన్న తోక ఉన్న పేరునే ఎంచుకోవాలి, లేకపోతే కెర్నెల్ ఒక దారినా హెడర్లు ఇంకొక దారినా పోతాయి.

డీకేఎంఎస్ మీద నాకున్న ఒకే ఒక అసంతృప్తి ఇక్కడిదే. హెడర్లు దొరకనప్పుడు అది ఆ సంగతిని ఒక వరుసలో చెప్పి పక్కకు తప్పుకుంటుంది, కెర్నెల్ మాత్రం మామూలుగానే ఎక్కిపోతుంది. భద్రతా సవరణను ఒక వైఫై డ్రైవర్ కోసం ఆపకూడదన్న ఆలోచన సబబే. అయినా, రాత్రిపూట తమంతట తామే సవరణలు ఎక్కే యంత్రాలలో ఆ ఒక్క వరుసను చదివే మనిషి ఉండడు. దానికి నేను చేసుకున్న ఉపాయం, సాయంత్రం యంత్రం ఆపేముందు /లిబ్/మాడ్యూల్స్‌లో ఉన్న అన్నిటికంటే కొత్త వెర్షన్‌కు డీకేఎంఎస్ స్టేటస్‌లో ఇన్‌స్టాల్డ్ అన్న మాట ఉందో లేదో చూసే నాలుగు వరుసల స్క్రిప్టు. లేకపోతే ఎర్ర అక్షరాలతో తెర మీద చూపుతుంది. ఇలాంటి హెచ్చరిక ఆ సాధనంలోనే ఉంటే ఎంతో మందికి ఒక ఉదయం మిగిలేది.

హెడర్ల తరువాత అంతటి ముఖ్యమైనది కంపైలర్. లినక్స్‌లో మామూలుగా వాడే కంపైలర్ జీసీసీ. కెర్నెల్‌ను దాని ఏ వెర్షన్‌తో కట్టారో మాడ్యూల్‌నూ దానితోనే కట్టడం క్షేమం. డెబియన్ 12లో హెడర్ ప్యాకేజీయే సరిపడే కంపైలర్‌ను ఆధారంగా కోరుతుంది కాబట్టి అక్కడ ఆలోచించవలసిన పని పడదు. ఉబుంటు 22.04లో మామూలుగా ఉండేది జీసీసీ 11. హెచ్‌డబ్ల్యూఈ వరుసలో 6.5 కెర్నెల్ వచ్చినప్పుడు దానిని జీసీసీ 12తో కట్టారు. ఆ కెర్నెల్ కోరే ఒక ఎంపిక 11వ వెర్షన్‌కు తెలియదు. హెడర్లు సరిగ్గానే ఉన్నా తయారీ ఆగిపోవడానికి కారణం అది. ఇటువంటి చోట తెర మీద కనిపించే చివరి వరుస ఏమీ చెప్పదు. బ్యాడ్ ఎగ్జిట్ స్టేటస్ అని మాత్రం ఉంటుంది. చదవవలసింది /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద ఆ డ్రైవర్ బిల్డ్ డైరెక్టరీలో ఉండే మేక్-డాట్-లాగ్ ఫైలును, అదీ పైనుండి. కంపైలర్ వేరుగా ఉందన్న హెచ్చరిక మొదటి వరుసలలోనే ఉంటుంది. జీసీసీ 12ను వేసి, తయారీకి దానినే వాడమంటే సమస్య తీరుతుంది.

డెబియన్ 13, 2025 ఆగస్టు 9న విడుదలైంది; దాని కెర్నెల్ 6.12. దసరా సెలవులలో ముందుగా ఎలక్ట్రానిక్స్ ల్యాబులోని ఒక కంప్యూటరును దానికి మార్చి చూశాను. హెడర్లు వచ్చాయి, కంపైలర్ వచ్చింది, డీకేఎంఎస్ పిలుపూ అందింది, మాడ్యూల్ మాత్రం తయారవలేదు. లాగ్ తెరిస్తే, క్లాస్_క్రియేట్ అనే ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయని కంపైలర్ చెబుతోంది. కార్డు డ్రైవర్ రాసినవారు ఆ ఫంక్షన్‌కు రెండు ఇచ్చారు: దిస్_మాడ్యూల్ అన్నది ఒకటి, క్లాస్ పేరు రెండవది. కెర్నెల్ 6.4 నుండి అది ఒక్క పేరునే తీసుకుంటోంది. 6.1 నుండి 6.12కు ఒక్క అంగలో దూకిన మాకు ఆ మార్పు ఇప్పుడు ఎదురైంది. సోర్సులో ఆ చోట లినక్స్_వెర్షన్_కోడ్‌ను కెర్నెల్_వెర్షన్(6,4,0)తో పోల్చి, కొత్తదైతే ఒక ఆర్గ్యుమెంటుతో, పాతదైతే రెండింటితో పిలిచేలా రాశాను. పాత పిలుపును తుడిచివేయకుండా రెండూ ఉంచడానికి కారణం, రెండవ కార్డు ఉన్న కంప్యూటరు ఇంకా డెబియన్ 12తోనే ఉండటం. ఒకే సోర్సు రెండు చోట్లా తయారుకావాలి.

ఇక్కడ డీకేఎంఎస్ పద్ధతి ఒకటి తెలిసి ఉండాలి. సోర్సును మార్చినప్పుడు వెర్షన్ కూడా పెంచడం మంచిది. నేను డైరెక్టరీ పేరులోనూ, కాన్ఫ్ ఫైలులోనూ 1.0ను 1.1గా మార్చి, పాతదానిని రిమూవ్ కమాండుతో అన్ని కెర్నెళ్ళ నుండీ తీసివేసి, కొత్తదానిని యాడ్ చేశాను. వెర్షన్ మార్చకుండా ఫైలును మాత్రం దిద్దితే, ఇదివరకే తయారైందని అది ఊరుకుంటుంది, మనం దిద్దినది ఎక్కడికి పోయిందో తెలియక గంటలు గడుస్తాయి. డాంగిల్ డ్రైవర్ విషయంలో అంత శ్రమ పడలేదు. దానిని స్వచ్ఛందంగా నిర్వహిస్తున్నవారు అప్పటికే 6.12కు తగిన సోర్సు ఉంచారు. వారు ఏ రోజైనా ఆ పని మానుకుంటే మా 28 డాంగిళ్ళూ మూలకు చేరతాయన్న సంగతి ఆ రోజు బాగా తెలిసివచ్చింది.

కెర్నెల్ వారు ఇలా ఫంక్షన్లను మార్చుతూ పోవడం అన్యాయమని మా సహోద్యోగి ఒకరు వాదిస్తారు. నేను ఏకీభవించను. మామూలు ప్రోగ్రాములు వాడే దారులను కెర్నెల్ ఎంతో జాగ్రత్తగా కాపాడుతుంది. పదేళ్ళ కిందటి ప్రోగ్రామైనా నేటికీ నడవాలన్నది వారి నియమం. లోపలి ఫంక్షన్ల విషయంలో మాత్రం ఆ హామీ ఏనాడూ ఇవ్వలేదు. డ్రైవర్ కెర్నెల్ సోర్సులోనే ఉంటే, ఫంక్షన్‌ను మార్చినవారే దానిని పిలిచే చోట్లన్నీ సరిదిద్దుతారు. క్లాస్_క్రియేట్ మారినప్పుడు కెర్నెల్ లోపల ఉన్న డ్రైవర్లన్నీ ఆ మార్పుతోనే సర్దుకున్నాయి, వాటిని వాడేవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. బయట ఉండాలని ఎంచుకున్న డ్రైవర్ల భారమే మన మీద పడుతోంది. ఆ భారాన్ని డీకేఎంఎస్ మోయలేదు. అది తయారీని తిరిగి నడుపుతుంది గాని సోర్సును దిద్దదు. దీనిని కొనుగోలు సమయంలో అమ్మేవారూ చెప్పరు, కొనేవారూ అడగరు.

ఈ ఏడాది వచ్చిన ఆరు కొత్త కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం లేని కోడ్‌ను ఎక్కనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంది. అక్కడ మాడ్యూల్ తయారైనా, ఇన్‌స్టాల్డ్ అని చూపినా, ఎక్కించబోతే కీ తిరస్కరించబడిందన్న సందేశం వస్తుంది. డీకేఎంఎస్ 3 వరుస ఈ విషయంలో బాగా ఎదిగింది: తనంతట తానే ఒక కీ జతను /వార్/లిబ్/డీకేఎంఎస్‌లో సృష్టించుకొని, ప్రతి మాడ్యూల్ మీదా దానితో సంతకం చేస్తుంది. మనం చేయవలసింది ఆ కీని యంత్రానికి పరిచయం చేయడం. మోక్‌యుటిల్ ఇంపోర్ట్ కమాండుతో పబ్లిక్ కీని ఇచ్చి ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి తిరిగి లేపితే, నీలి తెర ఒకటి వచ్చి పది సెకన్లు ఆగుతుంది. ఆ పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కి, ఎన్‌రోల్ మోక్ (యజమాని కీ నమోదు) ఎంచుకొని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆలస్యమైతే యంత్రం మామూలుగా లేచిపోతుంది, మళ్ళీ మొదటి నుండి చేయాలి. ఈ పని యంత్రం ముందు కూర్చునే చేయాలి, దూరం నుండి కుదరదు. ఆరింటికీ ఒకే కీ వాడితే పని తగ్గేదే, ఫ్రేమ్‌వర్క్-డాట్-కాన్ఫ్ ఫైలులో అందుకు వీలుంది. కానీ ప్రైవేటు కీని ఆరు చోట్ల ఉంచితే ఒక చోట పోయినది అన్ని చోట్లా పోయినట్టే కాబట్టి నేను వేరువేరుగానే ఉంచాను.

చిన్న విషయాలు కొన్ని. పాత హెడర్లు /యూఎస్‌ఆర్/ఎస్‌ఆర్‌సీలో వేల ఫైళ్ళుగా పేరుకుపోతాయి, ఏపీటీ ఆటోరిమూవ్ నెలకొకసారి ఇస్తే చాలు. 28 యంత్రాలు ఒకే హెడర్లను విడివిడిగా దింపుకోవడం మా నెట్టుకు భారమయ్యింది. ఒక కంప్యూటరులో దిగిన ప్యాకేజీలను దాచి మిగతావాటికి పంచే ఏపీటీ-క్యాషర్-ఎన్‌జీ పెట్టాక ఒక్కసారే దిగుతున్నాయి. తయారీ సమయంలో వీఎం-లినక్స్ దొరకనందున బీటీఎఫ్ (డీబగ్ సమాచారం) తయారీని వదిలివేస్తున్నామన్న వరుస వస్తే కంగారు పడనక్కరలేదు, మాడ్యూల్ పనికి దానితో సంబంధం లేదు. డీమెసేజిలో (కెర్నెల్ సందేశాల చిట్టాలో) కెర్నెల్ టెయింటెడ్ అని కనిపించడం కూడా బయటి మాడ్యూల్ ఎక్కిందన్న నమోదే తప్ప చెడిపోయిందన్న అర్థం కాదు.

డీకేఎంఎస్‌ను ఎవరు తీసుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు ఇది. బయటి డ్రైవర్ తప్పనిసరైనవారు చేతితో మేక్ ఇచ్చుకుంటూ కూర్చోకుండా దీనినే వాడాలి. ఒకటి రెండు యంత్రాలున్న ఇంటివారికైనా ఇది భారం కాదు, కొత్త హెడర్లను వెంట తెచ్చే లినక్స్-హెడర్స్-ఏఎండీ64 వంటి ప్యాకేజీ ఉన్నంత వరకు. కంపైలర్ ఉండకూడని యంత్రాలు, అంటే పరీక్షలకు కేటాయించినవి ఉంటే, ఒక చోట తయారుచేసి మాడ్యూల్‌ను టార్‌బాల్‌గా (ఒకే ఫైలు మూటగా) కట్టి, అదే కెర్నెల్ ఉన్న మిగతా వాటికి పంచే వీలు కూడా ఇందులో ఉంది. ఐదింటికి ఇవ్వవలసి వస్తే నేను నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి, హెడర్లు లేనప్పుడు అది చూపే మౌనానికి.

వచ్చే నెలలో మా కళాశాల రెండవ ల్యాబుకు పన్నెండు డాంగిళ్ళు కొంటోంది. ఈసారి నెల్లూరు ట్రంకు రోడ్డులోని దుకాణానికి నేనే ల్యాప్‌టాప్ తీసుకొని వెళ్ళాను. దుకాణదారు అనుమతితో ఒక్కొక్క రకాన్ని తగిలించి, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో చిప్పు సంఖ్య చూసి, 6.12 కెర్నెల్‌లో ఉన్న డ్రైవరే దానిని పట్టుకుంటోందో లేదో పరీక్షించాను. నాలుగు రకాలలో ఒకటి ఏమీ వేయకుండానే పనిచేసింది. ధర మిగతా వాటికంటే కొంచెం ఎక్కువ. దానినే కొనమని రాసి ఇచ్చాను.